వైతో మొదలయ్యే ఊరు

8 మే 2006, సోమవారం

ఈ డైరీ ఎస్తేరు ఇచ్చింది. ఏదో విత్తనాల కంపెనీ వాళ్ళు పంచిందట, జనవరి నుంచి ఆమె టేబుల్ సొరుగులో పడి ఉంది. ఆఫీసులో నా పక్క సీటు ఆమెది, మ్యాపులు గీస్తుంది. పొద్దస్తమానం సర్వర్‌ని తిడుతూ నేను సణిగే సణుగుడు భరించలేక, ఇందులో రాసుకో తల్లీ, నా చెవులకి కొంచెం సెలవియ్యి అంది.

సరే, సణుగుతున్నాను. మా సంస్థలో నేను సిస్టమ్ అడ్మిన్‌ని. పేరుకి అంతే, ఫ్యాను తిరక్కపోయినా భారతీ అని నన్నే పిలుస్తారు.

జిల్లాలో ఏ ఊరి వంకకి ఎక్కడ కట్ట వేస్తే వాన నీళ్ళు నిలుస్తాయో శాటిలైట్ ఫోటోలు చూసి మ్యాపులు తయారుచేయడం మా పని. ఈ నెల 31 సాయంత్రం ఆ మ్యాపులన్నీ సీడీల్లో హైదరాబాదు రైలెక్కాలి. రైలెక్కిన ఊళ్ళకి ఈ ఏడు చెక్ డ్యాములు వస్తాయి. ఎక్కని ఊళ్ళకి వచ్చే ఏడు, అదీ డబ్బిచ్చే వాళ్ళ మనసు మారకపోతే.

ఫోటోలేమో మేడ మీద స్టోరేజి మిషన్లో ఉన్నాయి. లెక్కలు కట్టే సర్వర్ కింద ఉంది. పైన ఒక నెట్‌వర్క్ స్విచ్, అంటే కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే పెట్టె, కింద ఇంకో స్విచ్, రెండింటికీ మధ్య ఒకే ఒక్క కేబుల్. సర్వర్ పనిచేసే టైము కంటే పైనుంచి ఫోటోలు దిగేదాకా కాచుకుని కూర్చునే టైమే ఎక్కువ. ఇలాగే నడిస్తే నెలాఖరుకి చాలా ఊళ్ళు మిగిలిపోతాయి. గోవిందప్ప సార్‌కి అదే చెప్పాను. ఆయన మా ల్యాబ్ హెడ్, సర్వే డిపార్ట్‌మెంటులో రిటైరై ఇక్కడ చేరారు. నాకు గొలుసు పట్టుకోని భూమి కొల్చేది తెలుసుగానీ ఈ తీగల సంగతి తెలీదమ్మా, ఏం చేయాల్నో నువ్వే చెప్పు అన్నారు. పై స్విచ్ నుంచి కింద స్విచ్‌కి నాలుగు కేబుళ్ళు లాగి, నాలుగింటినీ ఒకే కట్టగా చేస్తానన్నాను. ఒక దోవ బదులు నాలుగు దోవలు, నాలుగింతల స్పీడు అన్నాను. ఎంత ధీమాగా అన్నానో, సార్ మారుమాట లేకుండా ఒప్పేసుకున్నారు.

10 మే, బుధవారం

ఓబుళేసు బావ వచ్చాడు. మా పుష్పావతి అక్క మొగుడు. విత్తన చెనక్కాయల కోసం మార్కెట్ యార్డులో పొద్దున్నించీ క్యూలో నిలబడి, తల నిండా దుమ్ముతో నేరుగా ఆఫీసుకే వచ్చాడు. ఎస్తేరు మంచినీళ్ళు ఇస్తే చెంబెత్తి గటగటా తాగి, మీ ఆఫీసులో నీళ్ళు చల్లగుండాయమ్మా అని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత అసలు సంగతి. ఏమ్మే భారతీ, మన ఎర్రబండపల్లి పని యాడికొచ్చె అని అడిగాడు. అన్నిటికంటే ఆఖర్న ఉంది బావా అన్నాను. ఆయన నమ్మలేదు. అ ఆ ఇ ఈ వరసే గదా మీది, ఎ అంటే ముందే వస్తాది గదా, క గుణింతం కంటే ముందు గదా అని వేళ్ళు మడిచి చూపించాడు. నవ్వొచ్చింది. మా వరస ఇంగ్లీషుదని చెప్పాను. రెవెన్యూ మ్యాపులో మన ఊరి పేరు వైతో మొదలవుతుంది. ఎవరు ఎప్పుడు రాశారో, ఎర్ర అనే మాట ముందు ఒక వై తగిలించి పోయారు. మా లిస్టులో వై ఊరు ఇదొక్కటే, దీని తర్వాత ఇంకేమీ లేదు.

బావ అంతటితో వదల్లేదు. దాన్ని ఇంగో అచ్చరంతో రాసేకి కాదా అన్నాడు. అవుతుంది. ఇంగ్లీషు ఈతో రాసినా ఎర్రబండపల్లే. అప్పుడు గబుక్కున ముందు వరసలోకి, గార్లదిన్నె కంటే ముందుకి వచ్చి కూర్చుంటుంది. ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం మార్చాలి, అంతే. కానీ సార్ రూలు ఉంది. రెండేళ్ళ కిందట ఎవరో పెద్దమనిషి తన ఊరిని ముందుకి తోయించుకున్నాడని పెద్ద గొడవైంది. అప్పట్నుంచి మ్యాపులో ఉన్న పేరు, ఉన్న స్పెల్లింగు, ఉన్న వరస, అంతే. అదే చెప్పాను. మా మరదలు పోలీసోళ్ళ కంటే స్ట్రిక్టబ్బా అని బావ నవ్వాడు. మళ్ళీ అడగలేదు.

పోయేటప్పుడు మెట్ల దగ్గర చెప్పాడు. బాయి ఎండిపాయ. ఈ ఏడు కట్ట పడుతాదంటే ఉంటాం, కట్ట పనిలో కూలి దొరుకుతాది, బాయిలోకి ఊట వస్తాది. పడకపోతే మీ అక్కని తీసుకోని బెంగుళూరు పోయేదే. ఆయమ్మ రానంటాంది అన్నాడు.

అక్క ఎందుకు రానంటుందో నాకు తెలుసు. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఒకసారి అక్కడ బిల్డింగు పనికి వెళ్ళారు. తొలి బిడ్డను అక్కడే, కట్టే ఇంటి పక్క రేకుల షెడ్డులో పోగొట్టుకుంది. నొప్పులొస్తుంటే ఆసుపత్రి ఎటువైపో చెప్పే దిక్కు కూడా లేదట. బెంగుళూరు అన్న మాట వినిపిస్తే అక్క ఇప్పటికీ ఏదో పనున్నట్టు లేచి పక్కకి పోతుంది.

బావా, నాలుగు తీగలు పడితే ఏ నుంచి వై దాకా అన్ని ఊళ్ళూ అయిపోతాయి, నాది మాట అన్నాను.

13 మే, శనివారం

కేబుళ్ళు లాగడం అయింది. గోడకి రంధ్రం వేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఈరన్న, ఒక్క తీగ పొయ్యే తావలో నాలుగెందుకక్కా, కరెంటు దొంగతనమా అని అడిగాడు. నాలుగూ పక్కపక్కన మెట్ల గోడ మీద దిగుతుంటే చూడ ముచ్చటగా ఉంది. ఎస్తేరు వాటికి దిష్టి తీయమంది.

15 మే, సోమవారం, మధ్యాహ్నం

నాలుగు కేబుళ్ళనీ కట్ట కట్టడం ఈ రోజే. స్విచ్‌లు రెండూ ఒకే కంపెనీవి కావు. పైది కొత్తది, కిందిది పాతది. స్టోరేజి అమ్మిన వాళ్ళ ఇంజనీరు జయరాం బెంగుళూరు నుంచి ఫోన్లో చెబుతానన్నాడు. రెండు పక్కలా ఆ నాలుగు పోర్టుల్నీ ట్రంక్ చేయండి మేడమ్, అయిపోతుంది అన్నాడు. రెండు స్విచ్‌ల్లోనూ ట్రంక్ అనే మాట ఉంది. రెండు పక్కలా పెట్టాను. కేబుళ్ళు గుచ్చాను. లైట్లు వెలిగాయి. ఎస్తేరు చప్పట్లు కొట్టింది.

అదే రోజు, సాయంత్రం

చప్పట్లు నాకు చెప్పుదెబ్బలయ్యాయి. స్టోరేజి ఒక నిమిషం కనిపిస్తుంది, మరు నిమిషం మాయం. సర్వర్‌లో నడుస్తున్న ఊళ్ళన్నీ సగంలో చచ్చాయి. ఒక కేబుల్ ఉంచి మూడు పీకితే బాగుంటుంది. నాలుగూ పెడితే మళ్ళీ పిచ్చి. జయరాం ఫోన్ ఎత్తడం లేదు. సార్ వచ్చి నా వెనక నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఏమైనా అనుంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేసి తేలికపడేదాన్ని.

16 మే, మంగళవారం

ఇంకా అంతే.

17 మే, బుధవారం

దొరికింది! తిట్టాలో నవ్వాలో తెలియడం లేదు.

పై స్విచ్ చేసిన కంపెనీ భాషలో ట్రంక్ అంటే నాలుగు తీగల్ని కలిపి ఒక కట్టగా చేయడం. కింది స్విచ్ కంపెనీ భాషలో ట్రంక్ అంటే అది కానే కాదు, ఒక్క తీగలోంచే రకరకాల నెట్‌వర్కులు పంపడం. వాళ్ళ భాషలో కట్టకి పేరు ఛానెల్. అంటే పైవాడు నాలుగింటినీ ఒకటే అనుకుంటున్నాడు, కిందివాడు నాలుగూ నాలుగు అనుకుంటున్నాడు. పైన పంపిన మాట ఒక తీగలో దిగి ఇంకో తీగలో తిరిగి పైకే ఎక్కుతోంది. దాంతో స్టోరేజి తన పక్కనే ఉన్నా, అది కింద ఉందేమో అని పై స్విచ్ భ్రమపడుతోంది. మాన్యువల్ పుస్తకం రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే గానీ అర్థం కాలేదు. మా అక్కకి ట్రంక్ అంటే రేకు పెట్టె, మా నాయనకి ట్రంక్ అంటే ఎస్టీడీ రాకముందు ఫోను. నలుగురికీ నాలుగు అర్థాలున్న మాటని నేను రెండు మిషన్లకి ఒకే నోటితో చెప్పాను.

కింద ఛానెల్ అని మార్చాను. నాలుగు పచ్చ లైట్లు, నిమ్మళంగా. అయితే సగంలో చచ్చిన ఊళ్ళన్నీ మళ్ళీ మొదట్నుంచీ చేయాలి. మూడు రోజులు బూడిదలో పోశాను. పరవాలేదు, నాలుగింతల స్పీడుతో లాక్కొస్తాను.

19 మే, శుక్రవారం

స్పీడు పెరగలేదు.

ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. రెండు రోజుల్నుంచి చూస్తున్నాను, ఒక్కో ఊరికి ఎప్పటిలాగే సగం రోజు. పొద్దున కింద స్విచ్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని లైట్లనే చూశాను. మొదటి లైటు ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది. మిగతా మూడూ ఎప్పుడో ఒకసారి మిణుక్కుమంటున్నాయి, పెళ్ళికొచ్చి పని చేయని చుట్టాల్లాగా. మొదటి కేబుల్ పీకి చూశాను. పని రెండోదానికి మారింది. మళ్ళీ ఒక్కటే.

20 మే, శనివారం

జయరాం ఫోన్ ఎత్తాడు. నోరు పారేసుకుందామని రెడీగా ఉన్నాను. అంతా విని, మీ సర్వర్ ఒక్కటే గదా మేడమ్, స్టోరేజీ ఒక్కటే గదా అన్నాడు. అవునన్నాను. అయితే అంతే, ఇద్దరి మధ్య నడిచే మాట ఒక తీగలోనే నడుస్తుంది అన్నాడు. ఒక మాటని ముక్కలు చేసి నాలుగు తీగల్లో పంపితే వెనకది ముందు, ముందుది వెనక చేరి కలగాపులగం అవుతుంది, అందుకని స్విచ్ ఆ పని చేయదు. వంద మంది వంద మాటలు మాట్లాడుకునే చోట కట్ట కడితే లాభం. మా దగ్గర ఉన్నది ఇద్దరే.

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, ట్రంక్ ఎట్ల చేయాలని అడిగినారు, చెప్పినాను, స్పీడు పెరుగుతుందా అని మీరు అడగలేదు మేడమ్ అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే అతను చెప్పింది నిజమే. నేను అడగలేదు. నాకు తెలుసనుకున్నాను.

మార్గం ఉందట. సర్వర్‌కి ఇంకో నెట్‌వర్క్ కార్డు వేసి, స్టోరేజికి రెండో అడ్రసు ఇచ్చి, కట్ట విప్పేసి, ఇద్దరినీ రెండు దోవల్లో వేరువేరుగా మాట్లాడించాలి. అప్పుడు ఒక మాట రెండు మాటలవుతుంది. కార్డు బెంగుళూరు నుంచి రావాలి.

సార్‌కి చెప్పాను. ఎన్ని ఊళ్ళు మిగుల్తాయి అని అడిగారు. తలొంచుకుని చెప్పాను. ఆయన గోడ మీద దిగుతున్న నాలుగు కేబుళ్ళ వంక చూసి, చూసేకి బాగుండాయమ్మా అన్నారు. వెక్కిరింత కాదు. అందుకే ఏడుపొచ్చింది.

24 మే, బుధవారం

అక్క కదిరి నుంచి ఫోన్ చేసింది. ఎస్టీడీ బూత్ నుంచి. తింటాండావా, ఎండలో తిరగాకు, ఎస్తేరమ్మ బాగుందా, ఇవే మాటలు. మ్యాపు సంగతి ఎత్తనే లేదు. పెట్టేసే ముందు మాత్రం, మేస్త్రీ వచ్చినాడే బిల్డింగు పనికి మనుషుల కోసం, మేము రాములేప్పా అని చెప్పి పంపించినాం అంది. గొంతులో ఎంత సంతోషమో. నా చెల్లెలు చూసుకుంటాదని ఊరంతా చెప్పుకుంది కాబోలు.

కార్డు ఇంకా రాలేదని చెప్పలేకపోయాను. ఊఁ అన్నాను.

29 మే, సోమవారం

కార్డు బస్సులో వచ్చింది. స్టాండుకి నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఏముందక్కా అందులో, కోడిగుడ్లా అని డ్రైవరు అడిగాడు.

30 మే, మంగళవారం, సాయంత్రం

కట్ట విప్పేశాను. రెండు కేబుళ్ళు రెండు దోవలు. రెండు లైట్లూ సమానంగా కొట్టుకుంటున్నాయి. టీ తాగి వచ్చేలోపు ఒక పెద్ద పని ముగిసింది. సగం రోజు పట్టే ఊరు రెండు మూడు గంటల్లో తేలుతోంది. పొద్దుగూకేసరికి యు అయిపోయింది, వి నడుస్తోంది. ఎస్తేరు ప్రింట్లు తీయలేక చేతులెత్తేసింది. నేను గాల్లో తేలుతున్నాను. జయరాంకి ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. తిట్టిన నోటితోనే.

31 మే, బుధవారం, ఉదయం

మిగిలింది రెండే. వేపకుంట, ఎర్రబండపల్లి. వి, వై. వేపకుంట ఎక్కడుందో కూడా నాకు సరిగ్గా తెలియదు, వజ్రకరూరు దారిలో ఎక్కడో. సాయంత్రం ఐదింటికల్లా సీడీలు స్టేషన్లో ఉండాలి.

ఇంతకు ముందే సార్ వచ్చారు. రెండు పేర్లూ చూశారు. మీ అక్కావాళ్ళది ఎర్రబండపల్లే గదా అన్నారు. అవును సార్ అన్నాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, నేను టీకి పోతాండా, ఏది ముందు పెడతావో నేను చూడన్లే అన్నారు. ఈ రూలు పెట్టిన మనిషే. చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఎస్తేరు కూడా ఏదో గుర్తొచ్చినట్టు లేచి ఆయన వెనకే వెళ్ళింది.

గదిలో నేనూ మిషనూ.

వేపకుంటనే నొక్కాను. ఎందుకని అడిగితే, నీతి అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. నిన్నటి స్పీడు చూసి నా కళ్ళు నెత్తికెక్కాయి. రెండూ అయిపోతాయి, రూలూ దక్కుతుంది, అక్కా దక్కుతుంది అనుకున్నాను.

అదే రోజు, మధ్యాహ్నం రెండు

వేపకుంట వంక ఇంత పొడుగుంటుందని ఎవరనుకున్నారు. పిల్ల వంకలు వచ్చి కలుస్తూనే ఉన్నాయి. ఇప్పుడే ముగిసింది. ఎర్రబండపల్లి మొదలుపెట్టాను.

అదే రోజు, ఐదు దాటాక

డెబ్బై శాతం దగ్గర ఉండగా సార్ సీడీలు తీసుకుని స్టేషన్‌కి వెళ్ళారు. వీలైనంత సేపు ఆగారు. గేటు దగ్గర ఆటో ఎక్కబోతూ కూడా నా వైపు చూశారు, ఏమైనా అయిందా అన్నట్టు. తల అడ్డంగా ఊపాను.

1 జూన్, గురువారం

ఎర్రబండపల్లి మ్యాపు పూర్తయింది. చాలా బాగా వచ్చింది. కట్ట పడాల్సిన చోట నీలం చుక్క, అక్క బావికి కొంచెం ఎగువన. సార్ హైదరాబాదుకి ఫోన్ చేసి బతిమాలారు. ఆయన ఎవరినీ బతిమాలడం నేను చూడలేదు. పుచ్చుకోవడం నిన్నటితో సరి అన్నారట.

4 జూన్, ఆదివారం

ఊరికి వెళ్ళి చెప్పాను. ఫోన్లో చెప్పడానికి ముఖం చెల్లలేదు.

అక్క పొయ్యి ముందు సంగటి గెలుకుతోంది. అంతా చెప్పాను. తీగలు, ట్రంక్, కార్డు, దానికేం అర్థమైందో. చివరికి సార్ టీకి వెళ్ళడం కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండొచ్చు. కానీ నాకు తిట్లు కావాలి, అందుకని చెప్పాను. అక్క గెలకడం ఆపలేదు. ఆ ఊళ్ళో మాత్రం మనుషులు లేరా ఏంది, మంచి పనే చేసినావులే అంది. నా ముఖం చూడకుండా అంది. తర్వాత ముద్ద నా పళ్ళెంలో వేసి, మధ్యలో గుంట చేసి పప్పు పోసింది. చిన్నప్పుడు అమ్మ పోయాక ఎలా పెట్టేదో అలాగే.

బావ మాత్రం ఒకటన్నాడు. అంతా అయినాక అడగతాండానని అనుకోవాకు మరదలా, ఆ వై తీసేసి ఈ పెట్టేకి ఎంతసేపు పడతాది అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఎంతోసేపు పట్టదు బావా అన్నాను. ఓహో అన్నాడు.

రాత్రికి ఉండమన్నారు. ఉండలేక చివరి బస్సుకి వచ్చేశాను.

11 జులై, మంగళవారం

వాన లేదు. వేసిన చెనక్కాయ మొలిచి మాడిపోయింది. మేస్త్రీ మళ్ళీ వచ్చాడట. ఈసారి రామని చెప్పలేదు.

పొద్దున ఇద్దరూ నా గదికి వచ్చారు, మధ్యాహ్నం బెంగుళూరు బస్సు. అక్క తన ట్రంకు పెట్టె మోసుకొచ్చింది. పెళ్ళి చీర, మా అమ్మ ఫోటో, ఇత్తడి చెంబులు. ఆడ షెడ్డులో పెట్టుకుంటే ఎవురన్నా ఎత్తుకపోతారు, నీ తావ పెట్టుకో అంది. మంచం కిందికి తోశాం. తోసేటప్పుడు మా ఇద్దరి చేతులూ పెట్టె మీదే ఉన్నాయి. అక్కా పోవద్దు అని అప్పుడు అనాలనిపించింది. పోకుండా ఏం చేస్తారు, నా గదిలో ముగ్గురం ఏం తింటాం అని లెక్క వేసుకుని నోరు మూసుకున్నాను. నా లెక్కలు ఎప్పుడూ ఇంతే, కరెక్టుగా ఉంటాయి.

బస్సు కదిలాక అక్క కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. ముందు సీటు రాడ్డుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. భయపడినప్పుడు అలా కూర్చుంటుంది.

30 ఆగస్టు, బుధవారం

మంజూరైన ఊళ్ళ పేర్లు వచ్చాయి. మేం పంపినవాటిలో ఒకటి రెండు తప్ప అన్నీ ఉన్నాయి. వేపకుంట ఉంది. సార్ అందరికీ మైసూర్‌పాక్ పంచారు. నాకు రెండు ముక్కలు పెట్టారు. పొట్లం కట్టి సంచిలో వేసుకున్నాను, రూముకొచ్చాక చీమలకి పెట్టాను.

12 ఫిబ్రవరి 2007, సోమవారం

కొత్త డైరీ కొనలేదు. పాతదాంట్లోనే ఖాళీ పేజీలు బోలెడున్నాయి.

రెండో విడత లేదట. డబ్బిచ్చే వాళ్ళు ఒరిస్సాకి పోయారు. గోవిందప్ప సార్ ఈ కబురు చెప్పడానికి నన్ను పిలిచి, చెప్పకుండా, స్విచ్‌లు బాగా నడుస్తాండాయా అని అడిగి పంపేశారు. ఎస్తేరు చెప్పింది.

24 జూన్ 2007, ఆదివారం

మూడు రోజుల్నుంచి వాన. మా వీధి బురద బురద. అక్క షెడ్డు పక్క అంగడి నుంచి ఫోన్ చేసింది. మన పక్క వానంట గదా, టీవీలో చెప్పినారంట అంది. అవునక్కా, బాగా పడుతోంది అన్నాను. వెనక కాంక్రీటు మిషను శబ్దం. మన వంక పారతాంటాదా అని అడిగింది. పారుతూనే ఉంటుందన్నాను. పారి యాడికి పోతాదో అంది. పెట్టేసింది.

ఆ వంకకి కట్ట లేదు. ఎర్రబండపల్లి మీద పడిన వాన ఎర్రబండపల్లిలో ఆగదు. అక్క రాదు. చేను కౌలుకిచ్చేశారు, మోటారు అమ్మేశారు. బావ ఇప్పుడు నాలుగో అంతస్తులో సెంట్రింగు పని చేస్తున్నాడు. అక్కడ జీతం వారం వారం వస్తుందట, వాన కోసం ఆకాశం వైపు చూడక్కర్లేదట. పోయినసారి ఫోన్లో బావ ఇది సంతోషంగానే చెప్పాడు. నేనే వినలేకపోయాను.

ఆ రోజు సార్ టీకి వెళ్ళినప్పుడు ఎర్రబండపల్లి నొక్కి ఉంటే. ఇప్పుడు వేపకుంటలో ఎవరో ఒక అక్క బెంగుళూరులో ఉండేది. ఆమె పేరు నాకు తెలిసేది కాదు. నిద్ర పట్టేది. ఇలా రాయడం తప్పని తెలుసు. అయినా నాకు మా అక్కే కావాలి.

9 అక్టోబర్ 2007, మంగళవారం

వేపకుంట వెళ్ళాను. నిండిన చెక్ డ్యాములకి ఫోటోలు తీసుకురమ్మన్నారు. కెమెరా పనిచేయకపోతే సరిచేయాలి కదా అని సార్ నన్ను జీపెక్కించారు.

నిండుగా ఉంది. పిల్లలు ఈదుతున్నారు. గట్టు మీద గుడ్డలు ఆరేసుకుంటున్న ఒకావిడ, పేరు తిప్పమ్మట, కదిలి ఇంట్లోకి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా బాయివే, తాగమ్మా, పోయినేడు ఉప్పగా ఉన్నెవి, ఇప్పుడు చూడు అంది.

తాగాను. తియ్యగా ఉన్నాయి.

మీదే ఊరమ్మా అని అడిగింది. ఎర్రబండపల్లి అన్నాను. కదిరి పక్కదా, ఆ ఊళ్ళో ఇంగెవురుండారమ్మా, అందరూ పోయినారంట గదా అంది.

లేదమ్మా, మా అక్కావాళ్ళు ఉన్నారు అని చెప్పాను.